నేల ఎవరిది? నీడ ఎవరిది?

1953 డిసెంబరు 25వ తేదీ రాత్రి హాంకాంగ్‌లోని షెక్ కిప్ మే అనే పేటలో నిప్పంటుకున్నది. చైనాలో అంతర్యుద్ధం నాటి నుండి సరిహద్దు దాటి వచ్చిన లక్షలాది శరణార్థులలో అనేకులు అక్కడ చెక్కలతో, రేకులతో గుడిసెలు వేసుకుని కాలం గడుపుతున్నారు. తెల్లవారేసరికి యాభై వేలకు పైగా జనానికి నిలువ నీడ లేకుండా పోయింది. వచ్చినవారు ఏనాటికైనా తిరిగి వెళ్ళిపోతారులే అన్న ధోరణిలో అంతవరకు రోజులు నెట్టుకొచ్చిన బ్రిటిష్ వలస ప్రభుత్వానికి ఇక తప్పించుకునే దారి లేకపోయింది. తూర్పు ఆసియాలో ప్రభుత్వాలు గృహనిర్మాణాన్ని తలకెత్తుకున్న చరిత్రను చెప్పేవారు సాధారణంగా ఈ రాత్రితోనే మొదలుపెడతారు.

1954 నుండి ఆ ప్రాంతంలో ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఆరేడు అంతస్తుల భవనాలు లేచాయి. ఐదుగురు పెద్దవారికి 120 చదరపు అడుగుల గది ఒకటి. మరుగుదొడ్లు, నీటి కుళాయిలు ఉమ్మడివి. వంట గది వెలుపల వసారాలోనే. పిల్లల బడులు డాబాల మీద నడిచేవి. వసతి ఇరుకైనదే కాని, నిప్పుకు, తుపానుకు తట్టుకునే గోడలు అవి.

ఈ నిర్మాణానికి కేవలం దయాధర్మాలే కారణమనుకుంటే పొరపాటు. కొండలు, సముద్రం తప్ప చదును నేల బహు తక్కువగా ఉన్న ఆ ఊరిలో గుడిసెలు పరుచుకున్న చోటు ప్రభుత్వానికి కావలసి ఉన్నది. అడ్డంగా వ్యాపించిన జనాన్ని నిలువుగా పేర్చితే నేల మిగులుతుంది. పెరుగుతున్న కర్మాగారాలకు కార్మికులు చేరువలో ఉంటారు. అద్దె తక్కువైతే కూలి రేట్లూ అదుపులో ఉంటాయి. 1972లో గవర్నరు ముర్రే మెక్లహోస్ పది సంవత్సరాలలో 18 లక్షల మందికి వసతి కల్పించే ప్రణాళికను ప్రకటించినప్పుడు కూడా, అంతకు కొన్నేళ్ళ ముందు 1967లో చెలరేగిన అల్లర్ల జ్ఞాపకం పాలకుల మనసులో లేకపోలేదు.

సింగపూర్ కథలోనూ నిప్పు ఉన్నది. 1960 ఫిబ్రవరిలో అక్కడ గృహనిర్మాణ, అభివృద్ధి మండలి ఏర్పడింది. లిమ్ కిమ్ సాన్ అనే వ్యాపారవేత్త దాని తొలి అధ్యక్షుడు. మరుసటి సంవత్సరం మే 25న బుకిట్ హో స్వీ గుడిసెల పేట కాలిపోయి సుమారు 16,000 మంది నిరాశ్రయులైనారు. ప్రభుత్వం ఆ నేలను వెంటనే స్వాధీనం చేసుకుని, ఏడాది తిరిగేలోగా అక్కడే చవక ఇళ్ళు కట్టి అప్పగించసాగింది. తొలి ఐదేళ్ళలో మండలి కట్టిన ఇళ్ళు యాభై వేలు దాటాయి.

అయితే హాంకాంగ్ అద్దె ఇళ్ళ మార్గం పడితే, సింగపూర్ సొంత ఇళ్ళ మార్గం పట్టింది. 1964లో ఇళ్ళ విక్రయం ప్రారంభమైనా కొనగలిగినవారు మొదట కొద్దిమందే. 1968లో ఉద్యోగుల భవిష్యనిధి సొమ్మును ఇంటి కొనుగోలుకు వాడుకోవడానికి అనుమతించడంతో పరిస్థితి మారిపోయింది. సొంత ఇల్లు లేని సైనికుడు తాను ధనవంతుల ఆస్తిని కాపాడడానికే పోరాడుతున్నానని అనుకోగలడన్నది ప్రధాని లీ క్వాన్ యూ ఆలోచన. ఇల్లు ఇవ్వడమంటే దేశంలో వాటా ఇవ్వడమని ఆయన భావించారు. నేడు అక్కడి స్థిర నివాసులలో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది మండలి ఇళ్ళలోనే ఉంటున్నారు. వారిలో అత్యధికులు సొంతదారులే.

దీని వెనుక ఉన్న అసలు సాధనం ఇటుకా కాదు, సిమెంటూ కాదు. 1966 నాటి భూసేకరణ చట్టం. ప్రజావసరం కోసం ఏ నేలనైనా, అంగడి ధర కంటే బాగా తక్కువకు కూడా, తీసుకునే అధికారాన్ని అది ప్రభుత్వానికి కట్టబెట్టింది. పూర్తి అంగడి ధర చెల్లించే పద్ధతి 2007లో గాని రాలేదు. హాంకాంగ్‌లోనైతే దాదాపు నేల అంతా మొదటినుండీ ప్రభుత్వానిదే. ఇతరులు కౌలుదారులు మాత్రమే. నేల చేతిలో ఉన్న ప్రభుత్వం ఇల్లు కట్టగలదు. నేల కొనుక్కోవలసిన ప్రభుత్వం సగం ధనాన్ని పునాదికి ముందే పోగొట్టుకుంటుంది.

నేలతో బాటు తొందర కూడా ఉంటే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. రాజధాని సియోల్ కొండవాలుల్లోని గుడిసెలను తొలగించి 1960ల చివర్లో నగరపాలక సంస్థ హడావిడిగా పౌర నివాస భవనాలు కట్టింది. వాటిలో వావు అనే చోట కట్టిన ఒక భవనం 1970 ఏప్రిల్ 8న కుప్పకూలి ముప్పై మందికి పైగా మరణించారు. నగరాధ్యక్షుడు పదవి వదులుకోవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో, సియోల్ నుండి తరలించి నగరం వెలుపల నీరూ పనీ లేని చోట దింపిన వేలాది పేదలు తిరగబడ్డారు. ఆ చోటు నేడు సొంగ్నామ్ నగరంలో భాగం. 1988లో అధ్యక్షుడు రో తే ఊ ఇరవై లక్షల ఇళ్ళ ప్రణాళికను ప్రకటించినా అందులో అధిక భాగం మధ్యతరగతికి అమ్మే ఇళ్ళే. నిరుపేదల కోసం శాశ్వత అద్దె ఇళ్ళు మొదలైంది 1989లో.

యుద్ధం ముగిసేనాటికి 42 లక్షల ఇళ్ళ కొరత ఎదుర్కొన్న జపాన్ పనిని మూడు పాళ్ళుగా పంచుకున్నది. 1950లో గృహరుణ సంస్థ సొంతంగా కట్టుకోగలవారికి అప్పు ఇచ్చింది. 1951 చట్టం ప్రకారం స్థానిక ప్రభుత్వాలు పేదలకు అద్దె ఇళ్ళు కట్టాయి. 1955లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ నగరోద్యోగుల కోసం దాంచీ అనే భవన సముదాయాలను నిర్మించింది. వంటగదిలోనే భోజనాల బల్ల వేసుకునే కొత్త అమరిక అప్పట్లో యువ దంపతుల కలగా ఉండేది. ఆ దంపతులు అక్కడే వృద్ధులైనారు. తోక్యో సమీపంలోని తోకివదైరా దాంచీలో 2000 ప్రాంతంలో, ఒంటరిగా మరణించిన ఒక వ్యక్తిని మూడేళ్ళ తరువాత గాని ఎవరూ గమనించకపోవడం దేశమంతటినీ కలతపెట్టింది. గోడలు కట్టడం ప్రభుత్వం నేర్చినంత త్వరగా పొరుగును కట్టడం నేర్వలేదని అప్పుడు తెలిసివచ్చింది.

పొరుగును కూడా చట్టంతో కట్టవచ్చునని సింగపూర్ నమ్మింది. 1964లో మతకలహాలు చూసిన ఆ దేశం, 1989 నుండి ప్రతి భవనంలోను చైనీయులు, మలయులు, భారతీయులు ఎంత శాతం మించకూడదో నిర్ణయించింది. అక్కడ పౌరసత్వమో శాశ్వత నివాసమో పొందిన తెలుగు కుటుంబం ఇల్లు కొనబోయినా 'భారతీయులు, ఇతరులు' అనే పద్దు కిందికే వస్తుంది. ఏ జాతీ ఒక్కచోట పోగుపడలేదన్నది దీని ఫలం. ఇందుకు కొందరు మూల్యం చెల్లించక తప్పడం లేదు. భవనంలో ఇతర జాతుల వాటా నిండిపోతే అల్పసంఖ్యాక కుటుంబం తన ఇంటిని తన జాతివారికే అమ్ముకోవాలి. కొనేవారు తక్కువైనప్పుడు ధర తగ్గించుకోవాలి. అలాగే పెళ్ళికాని వ్యక్తి సాధారణంగా 35 ఏళ్ళు నిండేదాకా ఆగాలి. అక్కడ ఇల్లు పౌరుడి హక్కు అనడం కంటే, ప్రభుత్వం మెచ్చిన జీవితానికి బహుమానం అనడం సబబు.

ఆ బహుమానానికి గడువు కూడా ఉన్నది. మండలి అమ్మే ఇళ్ళు సాధారణంగా 99 ఏళ్ళ కౌలు మీదివే. 2020 డిసెంబరు 31న గేలాంగ్ ప్రాంతంలో 60 ఏళ్ళ కౌలు ముగిసిన 191 ఇళ్ళు పరిహారం లేకుండా ప్రభుత్వానికి తిరిగి వెళ్ళాయి. అవి మండలి కట్టినవి కాకపోయినా, తమ ఇంటిని తరతరాల ఆస్తిగా భావించుకున్న వేలాది కుటుంబాలను అవి ఆలోచనలో పడవేశాయి. 1960లలో కట్టిన తొలి ఇళ్ళ గడువు 2060లలో తీరుతుంది.

ఇక హాంకాంగ్ సంగతి. నేడు అక్కడి జనాభాలో సగానికి కొద్దిగా తక్కువ మంది ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలోనే, అద్దెకో సొంతానికో, ఉంటున్నారు. అయినా కొరత తీరలేదు. నేల వేలం, కౌలు రుసుముల మీద వచ్చే ఆదాయం ఖజానాకు ముఖ్యమైన ఆధారం. నేల ధర పడిపోతే ఖజానాకే నష్టం. 1997లో ఏటా 85,000 ఇళ్ళు కడతామని ప్రకటించిన ప్రభుత్వం, ఆర్థిక సంక్షోభంలో ధరలు కూలగానే వెనుకడుగు వేసింది. రాయితీ ధరకు ఇళ్ళు అమ్మే పథకాన్ని 2002లో నిలిపివేసి, 2011లో గాని తిరిగి చేపట్టలేదు. ఆ విరామ ఫలితం వరుసలో నిలబడినవారికి తెలుసు. అద్దె ఇంటికి మూడేళ్ళలోగా వంతు రావాలన్నది లక్ష్యం కాగా, 2022 మార్చి నాటికి సగటు నిరీక్షణ 6.1 సంవత్సరాలకు చేరింది.

ఆ నిరీక్షణ కాలంలో రెండు లక్షలకు పైగా జనం, పాత భవనాలలో ఒక ఇంటిని మూడు నాలుగు అరలుగా చీల్చి అద్దెకిచ్చే గదులలో తలదాచుకున్నారు. ఒకే చోట మరుగుదొడ్డి, వంట, పడక. ఇటువంటి గదులకు కనీస ప్రమాణాలు విధించే చట్టం 2025లో ఆమోదం పొందింది. గది విస్తీర్ణం 8 చదరపు మీటర్లకు తగ్గరాదని అది నిర్దేశిస్తున్నది. అంటే సుమారు 86 చదరపు అడుగులు. ఏడు దశాబ్దాల క్రితం అగ్నిబాధితులకు ఇచ్చిన గది 120 చదరపు అడుగులు. అందులో ఐదుగురు ఉండేవారన్నది నిజమే. ప్రమాణం తక్కువైనా అసలు లేకపోవడం కంటే మేలని ప్రభుత్వం వాదించవచ్చు. కాని ఆ ప్రమాణానికి సరిపడక మూతపడే గదులలోని కుటుంబాలు రేపు ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నకు చట్టంలోని కొలతలు సమాధానం చెప్పలేవు. దానికి జవాబు చెప్పవలసింది ఇళ్ళు కట్టే చేతులు. అవి ఆగినన్నాళ్ళూ వరుస పెరుగుతూనే ఉంటుంది.