ర్యాంకు మాది, లెక్క మీదా?

ఈఏపీసెట్ ర్యాంకులొచ్చిన మర్నాడు ముదిగుబ్బ బస్టాండులో మా పిల్లోణ్ణి ఆపి ఒకాయన అన్నాడు: ‘మీ సాయిబులకేంలేప్పా, కోటా ఉండాది గదా. సీటు ఇంటికే వచ్చాది.’ నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మాకు కొత్త కాదు. ‘మీకు చదువులెందుకు, పంచర్ షాపు పెట్టుకోండి’ అన్న నోరే ఇప్పుడిలా తిరిగింది.

సరే, లెక్కే వేద్దాం. బీసీ-ఇ కింద మాకు 4 శాతం. అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ తీసుకోండి. 1946లో మద్రాసులో పుట్టి, 1948లో మా జిల్లాకొచ్చిన కాలేజీ. ఒక బ్రాంచికి 60 సీట్లనుకుంటే మా వాటా రెండున్నర కూడా లేదు. అందులో మూడో వంతు ఆడపిల్లలకు. 85 శాతం స్థానికులకే కదా అంటారు. స్థానికులంటే ముదిగుబ్బవాళ్లా? పాత అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు జిల్లాలన్నీ కలిపి ఒక్క స్థానికం. కదిరి, రాయచోటి, ఆదోని, నంద్యాల - ఇన్ని ఊళ్ల మా పిల్లలు ఆ రెండు కుర్చీల ముందు నిలబడాలి. ఇదేనా ఇంటికొచ్చే సీటు?

మతం పేరుతో ఇచ్చారని మీ ఇంకో మాట. మతం పేరుతోనే ఇచ్చుంటే సయ్యద్‌కు ఎందుకు లేదు? పఠాన్‌కు, మొఘల్‌కు ఎందుకు లేదు? 2004 జీవో కోర్టులో కొట్టుకుపోయింది. 2005 చట్టమూ అంతే. ఆ తర్వాత పి.ఎస్. కృష్ణన్ నివేదిక వచ్చింది, 2007లో వెనకబాటును చూసి 14 సమూహాల పట్టిక కట్టారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీవాళ్లు, హజాములు, షేకులు. దూదేకులవాళ్లు అంతకు చాలా ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు. అంటే మా వీధిలో షేక్ పిల్లది ఒక వరస, పక్కింటి సయ్యద్ పిల్లది ఓసీ వరస, ఎదురింటి దూదేకుల పిల్లది మరో వరస. కౌన్సెలింగు కాడ మూడు ముక్కలం. అద్దె ఇంటికి వస్తే మాత్రం ముగ్గురికీ ఒకటే జవాబు - తురకోళ్లకు ఇవ్వం.

2010లో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదే మా 4 శాతం నడుస్తూ వచ్చింది. అగ్రకుల పేదలకని 2019లో తెచ్చిన 10 శాతం మాత్రం 2022 నవంబరుకల్లా పక్కా అయింది. మా పిల్లల ఆశకు మధ్యంతరం, వాళ్ల ఆశకు శాశ్వతం!

ఇక మా ఇళ్ల సంగతీ చెప్పుకోవాలి. టీసీలో కులం కాలమ్‌లో ‘ముస్లిం’ అని రాయించి వదిలేస్తాం. ముస్లిం కులం కాదు, షేక్ అని రాయించాలని గుర్తొచ్చేది కౌన్సెలింగు ముందు రోజు. అప్పుడు తహసీల్దారు ఆఫీసు చుట్టూ పరుగు. ఆడపిల్లకు మంచి ర్యాంకొస్తే అబ్బా అంటాడు, ‘హాస్టలొద్దు, బస్సు తిరిగొచ్చేంత దూరంలో చూడు.’ పెళ్లి సంబంధానికి లేని దూరం చదువుకెక్కడిది?

అన్నిటికంటే పెద్ద తప్పు ఆప్షన్ల కాడ చేస్తున్నాం. ‘ఈ ర్యాంకుకు అది యాడ వచ్చాదిలే’ అని మనమే పెద్ద కాలేజీ పేరు తీసేస్తాం. ఎవరి లెక్కది? పోయినేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి, ఆడకు మగకు విడివిడిగా, చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో పట్టికలుంటాయి. వాటిని తీసి బీసీ-ఇ వరసా చూడండి, ఓసీ వరసా చూడండి. ఓసీలో వచ్చే ర్యాంకైతే మా పిల్ల ఓసీలోనే కూర్చుంటుంది, కోటా సీటు ఇంకొకరికి మిగులుతుంది. రాదనుకున్న కాలేజీ పేరు పైన రాసినందుకు కింది సీటేమీ పోదు. మిషను పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది, దొరికిన కాడ ఆగుతుంది. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పేవాడు లేక ఎన్ని ర్యాంకులు రోడ్డు పక్క కాలేజీల పాలయ్యాయో.

ఆప్షన్ల రోజున ధర్మవరం నెట్ సెంటర్లో మేమూ పిల్లోడి పక్కనే కూర్చున్నాం. మొదటి పేరు చూసి సెంటరతను రెండుసార్లు అడిగాడు, ‘ఇది మార్చనా?’ అని. పిల్లోడు వద్దన్నాడు.