కొండెములు కొనేవారెవరు?



టాబ్లాయిడ్ అనే మాట మొదట పత్రిక పేరు కాదు, మందుబిళ్ల పేరు. 1884లో బరోస్ వెల్కమ్ అనే మందుల కంపెనీ తన బిళ్లలకు ఆ పేరు పెట్టుకున్నది. తరువాత, చిన్న సైజు కాగితము మీద వార్తను బిళ్లలాగా కుదించి ఇచ్చే పత్రికలకు అదే పేరు స్థిరపడింది. బ్రిటనులో సన్, డైలీ మిర్రర్ ఈ కోవకు చెందినవి. పెద్ద అక్షరముల శీర్షిక, పెద్ద ఫొటో, ఫుట్‌బాల్ కబుర్లు, వీటన్నిటితోపాటు పొరుగువాని ఇంటి గుట్టు. ఈ చివరి సరుకు వల్లనే వాటికి చెడ్డపేరు వచ్చింది. అమ్మకము కూడా దానివల్లనే పెరిగింది.

న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే పత్రిక 1843లో పుట్టింది. అది ఆదివారము మాత్రమే వచ్చేది. కోర్టుకెక్కిన వ్యభిచారములు, హత్యలు దానికి ముఖ్యమైన మేత. 1950 ప్రాంతములో వారానికి 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయేవి. 1805లోనే మన విశాఖపట్నానికి మిషనరీలను పంపిన దేశములో, ప్రభువు దినమున ఇన్ని ఇళ్లలోకి ఈ పత్రిక వెళ్లేదంటే మేము ఆలోచనలో పడ్డాము. సామెతల గ్రంథము కొండెగాని మాటలను రుచిగల పదార్థముతో పోల్చింది గదా! ఆ రుచి తెలియని జాతి ఏదీ లేదు.

న్యాయముగా ఒక మాట చెప్పాలి. ఈ పత్రికలు మంచి చేయలేదని కాదు. 1993లో లండనులో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యౌవనుడు హత్యకు గురైతే, 1997లో డైలీ మెయిల్ ఐదుగురు అనుమానితుల ఫొటోలు మొదటి పేజీలో వేసి, వారే హంతకులని ధైర్యముగా వ్రాసింది. వారిలో ఇద్దరికి 2012లో శిక్ష పడింది.

కాని 1989లో జరిగిన సంగతి వినండి. ఏప్రిల్ 15న షెఫీల్డు పట్టణములోని హిల్స్‌బరో మైదానములో ఆట చూడవచ్చిన లివర్‌పూల్ జనము ఇనుప కంచెల వద్ద నలిగిపోయారు. ఆ గాయములతో 2021లో కన్నుమూసిన వ్యక్తితో కలిపి 97 మంది మరణించారు. వారిలో పదేళ్ల బాలుడు కూడా ఉన్నాడు. నాలుగు రోజులకు సన్ పత్రిక ‘నిజము’ అనే శీర్షిక పెట్టి, అభిమానులే చనిపోయినవారి జేబులు కొట్టారనీ, పోలీసుల మీద మూత్రము పోశారనీ వ్రాసింది. కొందరు పోలీసులు, ఒక పార్లమెంటు సభ్యుడు చెప్పిన మాటలను సరిచూడకుండానే అచ్చువేశారు. బిడ్డను పాతిపెట్టి ఇంటికి వచ్చిన తల్లి ఆ పేజీ చూస్తే ఆమె కడుపుకోత ఎట్లుంటుంది? అవి అబద్ధములని 2012లో నిపుణుల సంఘము తేల్చింది. ఆ పత్రిక మొదటి పేజీలో క్షమాపణ వేసుకున్నది. 2016లో జ్యూరీ కూడా అభిమానుల తప్పు ఏమీ లేదని తీర్పు చెప్పింది. అప్పటికి 27 సంవత్సరములు గడిచిపోయాయి. కొందరు తలిదండ్రులు ఆ తీర్పు వినకుండానే సమాధిలోనికి వెళ్లిపోయారు.

నిర్గమకాండము 23వ అధ్యాయము లేనిపోని వార్త పుట్టించవద్దని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, అన్యాయపు సాక్ష్యమునకు చేయి కలుపవద్దనీ చెప్పింది. మా ఉద్దేశములో, డబ్బిచ్చి ఆ కాగితము కొన్నవాని చేయి కూడా అందులో ఉన్నది. మన ఊరి బావి దగ్గర డబ్బు అక్కరలేదు, ‘ఊఁ, తరువాత?’ అంటే చాలు.

2011లో ఇంకొక సంగతి బయటపడింది. తప్పిపోయి, తరువాత హతమైన 13 ఏళ్ల బాలిక ఫోనులోని సందేశములను న్యూస్ ఆఫ్ ది వరల్డ్ కోసము దొంగతనముగా విన్నారట. జనము మండిపడ్డారు, ప్రకటనలిచ్చే కంపెనీలు తప్పుకున్నాయి. 168 ఏళ్ల పత్రిక ఆ జూలై 10న చివరి సంచికతో మూతపడింది.

లివర్‌పూల్ ప్రజలు మాత్రము అంతకాలము ఆగలేదు. 1989లోనే సన్ కొనడము మానేశారు. వారి పిల్లలు కూడా కొనలేదు. ఆ పట్టణములో అనేక దుకాణముల వారు ఈనాటికీ ఆ పత్రికను అమ్మకానికి పెట్టరు.