రంగు తీసేస్తే మిగిలేదేమిటి?

ఈమధ్య ఫస్ట్‌లుక్ పోస్టర్లలోనూ, కుర్రకారు ఫోన్లలోనూ నలుపు-తెలుపు బొమ్మలు మళ్లీ జోరుగా కనబడుతున్నాయి. సంతోషమే! కానీ వాటిలో చాలా బొమ్మలు రంగుల్లో తీసి, బాగా రాలేదనిపించాక రంగు కడిగేసినవే. "లైటు సరిగ్గా పడలేదా? అయితే బ్లాక్ అండ్ వైట్ చేసెయ్!" ఇదీ వరస. పైగా దానికి 'క్లాసిక్ లుక్' అని పేరొకటి!

అసలు కిటుకు ఏమిటో చూద్దాం. ఎర్రచీర, ఆకుపచ్చ రవిక రంగుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నలుపు-తెలుపులో రెండూ ఒకే బూడిదరంగై కలిసిపోవచ్చు. అందుకే ఆనాటి ఛాయాగ్రాహకుడు బట్టలూ, సెట్టూ, లైట్లూ అన్నీ ముందుగానే బూడిదరంగులో ఊహించుకోవాల్సి వచ్చేది. నీలాకాశం నల్లగా కనబడి మబ్బులు తెల్లగా తేలాలంటే లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెట్టాలి. నెగెటివ్ మీద పడ్డాక ఇక మార్చేందుకు లేదు.

ఇవాళ ఆ పని కంప్యూటర్ ముందు తీరుబాటుగా చేసుకోవచ్చు. రంగుల బొమ్మలో నీలాన్ని మాత్రమే ముదురు చేయొచ్చు, ఎరుపును తేలిక చేయొచ్చు. ఇది గొప్ప సౌకర్యమే. అయితే అతిగా లాగితే ఆకాశంలో రవ్వ తేలుతుంది, అంచుల వెంట తెల్లగీతలు పుట్టుకొస్తాయి. కేవలం నలుపు-తెలుపు కోసమే తయారయ్యే డిజిటల్ కెమెరాలూ ఉన్నాయి. వాటి సెన్సరు మీద రంగుల జల్లెడ ఉండదు. కాబట్టి వెలుగు ఎక్కువ అందుతుంది, వివరం స్పష్టంగా వస్తుంది. కానీ అక్కడా పాత ఫిల్టర్ల తంటా తప్పదు.

మరి రంగుల్లో తీసి మార్చినవన్నీ నకిలీలేనా? అలా అంటే అన్యాయం! రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణంలో 2001లో వచ్చిన 'ది మ్యాన్ హూ వజంట్ దేర్' రంగుల నెగెటివ్ మీదే తీశారు. 2018 నాటి 'రోమా' డిజిటల్ కెమెరాతో రంగుల్లో తీసి మార్చినదే. ఛాయాగ్రహణానికి ఆస్కార్ కూడా అందుకుంది. ఇంకోవైపు 'ఓపెన్‌హైమర్' (2023) కోసం కొడాక్ వారు పెద్ద సైజు 65 ఎం.ఎం.లో నలుపు-తెలుపు ఫిల్మును ప్రత్యేకంగా తయారుచేశారు. దారులు వేరైనా ఒకటి మాత్రం సమానం. కెమెరా తిరగకముందే వీళ్లందరికీ తెరమీద ఏం రావాలో తెలుసు.

ఇక మన 'మాయాబజార్' (1957) కథ తిరగేసిన కథ. పడవ పాటలో మార్కస్ బార్ట్లే పండించిన వెన్నెల గురించి నేటికీ చెప్పుకుంటున్నాం. ఆ వెన్నెలలో ఉన్నదల్లా నలుపుకీ తెలుపుకీ మధ్యనున్న మెట్లే. 2010లో ఆ చిత్రానికి రంగులద్దారు. కొత్తతరం థియేటర్‌కి వచ్చి చూసింది, మంచిదే. కానీ శశిరేఖ చీర అసలు రంగేమిటో నెగెటివ్ చెప్పదు కదా! అద్దినవాళ్లు ఊహించి అద్దాల్సిందే. నా మటుకు నాకు బార్ట్లేగారి వెన్నెలే చల్లగా ఉంటుంది.

ఇందులో మనింటికి పనికొచ్చే పాఠం ఒకటుంది. రంగులోంచి నలుపు-తెలుపుకి ఎప్పుడైనా వెళ్లొచ్చు. తిరుగు టిక్కెట్టు మాత్రం దొరకదు! అక్కయ్య పెళ్లి ఫోటోలు ముచ్చటపడి మార్చుకోండి, కాదనను. అసలు రంగుల ప్రతిని మాత్రం చెరిపేయకండి. ఆ పట్టుచీర ఏ రంగో రేపు దాని కూతురు అడుగుతుంది.

నిజంగా నలుపు-తెలుపు మీద మోజుంటే, తీసేముందే ఫోన్ తెరను అందులో పెట్టి చూడండి. ముఖం మీద వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది? జుట్టూ, వెనక గోడా కలిసిపోతున్నాయా? కలిసిపోతే మనిషిని రెండడుగులు కిటికీ వైపు జరపండి. ఆ రెండడుగుల పని ఏ మీటా చేసిపెట్టదు!