రిలీజ్ చేశారంటే పాయసం వండాను

2020 మార్చిలో లాక్‌డౌన్‌కి రెండు రోజుల ముందు మా అమ్మాయి లాప్‌టాప్ సంచి భుజానేసుకుని హైదరాబాద్ నుంచి మార్కాపురం వచ్చేసింది. ఆ తర్వాత రెండేళ్లు మా నడిమిల్లే దాని ఆఫీసు. వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే దాని మీటింగులన్నీ నా చెవిన పడేవి.

"నాకు బ్యాండ్‌విడ్త్ లేదు." "దీన్ని ఆఫ్‌లైన్ తీసుకుందాం." "ముందు లో హ్యాంగింగ్ ఫ్రూట్ చూద్దాం."

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఏం పండే అది?" అని.

"తేలిగ్గా అయ్యే పని ముందు చేద్దామని, అమ్మా."

"ఆ మాటే అనొచ్చుగా?"

"అలా అంటే పని రానిదాన్ననుకుంటారు."

అప్పటికి నవ్వుకున్నాం. రోజూ వినీ వినీ నేనూ మా ఆయనతో "సాయంత్రం దాకా నాకు బ్యాండ్‌విడ్త్ లేదు, టీ మీరే పెట్టుకోండి" అనడం నేర్చాను. పనిచేసింది కూడా!

ఒక మధ్యాహ్నం గదిలోంచి వచ్చి, "అమ్మా, నన్ను ప్రాజెక్ట్ నుంచి రిలీజ్ చేశారు" అంది. రాత్రి పన్నెండు దాకా స్క్రీన్ ముందే కూర్చునే పిల్లకి విడుదల దొరికిందనుకున్నాను. సేమ్యా పాయసం వండి గిన్నె చేతిలో పెట్టాను. గిన్నె వంక చూసి ఏడ్చేసింది.

రిలీజ్ అంటే ఆ పనిలోంచి తీసేశారని. బెంచ్ మీద ఉండటమంటే జీతం వస్తుంది గానీ పని ఉండదని, ఇంకో ప్రాజెక్ట్ దొరక్కపోతే ఉద్యోగానికే ఎసరని అప్పుడు తెలిసింది. రెండు నెలలకు మెయిల్ వచ్చింది. రీస్ట్రక్చరింగ్, ట్రాన్సిషన్, మీ తదుపరి ప్రయాణానికి శుభాకాంక్షలు. పైనుంచి కింద దాకా "ఉద్యోగం తీసేశాం" అన్న ముక్క లేదు. మా ఆయన రెండుసార్లు చదివి, "ప్రమోషనా?" అనడిగాడు.

మా ఊరు పలకలకు పేరు. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్నది మార్కాపురం పలకల మీదే. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. మా వీధిలో పిన్ని ఒకామె పలకల ఫ్యాక్టరీకి వెళ్లేది. ఒక శనివారం యజమాని, "ఆర్డర్లు లేవమ్మా, సోమవారం నుంచి రావద్దు" అన్నాడట. ఆ దుమ్ములో ఊపిరితిత్తులు పాడుచేసుకునే పనిని నేనేం పొగడటం లేదు. కానీ ఆ మాట అర్థమైంది గనక పిన్ని తిరిగి అడగగలిగింది, "మరి నాకు రావలసిన కూలి ఎప్పుడిస్తావు?" అని. మా అమ్మాయి ఎవర్ని అడగాలి? మెయిల్లో చేసినవాడే కనపడడు, అన్నీ వాటంతటవే జరిగిపోయినట్టుంటాయి.

డౌన్‌సైజింగ్ అన్న మాట 1970లలో అమెరికాలో కార్ల సైజు తగ్గించడానికి పుట్టిందట. తర్వాత దాన్ని మనుషులకు తగిలించారు. కారును కోస్తే బాధ లేదు కదా, ఆ మాట వాడితే మనిషిని తీసేసినా బాధ కనపడదు.

ప్రతి పనికీ దాని మాటలు ఉంటాయి, తప్పేముంది అనొచ్చు. నిజమే. పాకం తీగపాకమా, ముదురుపాకమా అన్నది వంట తెలిసిన మాట. ఆ ఒక్క మాటతో ఎప్పుడు దించాలో తెలిసిపోతుంది. పని మాట పనిని విప్పి చూపిస్తుంది. ఈ ఆఫీసు మాటలు చల్లకొచ్చి ముంత దాచే రకం.

వాటిలో నాకు ఒళ్లు మండేది "మనమంతా ఒక ఫ్యామిలీ" అన్నది. రాత్రి పూట అదనంగా పనిచేయించుకోవడానికే ఆ మాట బయటికొస్తుంది. అదనపు పనికి లెక్కుండదన్న సంగతి మాత్రం అచ్చం కుటుంబం లాగే ఉంది, అది మనకంటే ఎవరికి బాగా తెలుసు!

ఇదే నేను అమ్మాయితో అంటే అది మెల్లగా అంది, "నువ్వు సర్దుకుపోవాలమ్మా అంటావే, అది మాత్రం ఏంటి?"

నోట మాట రాలేదు. గిద్దలూరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాడు మా అమ్మ నాకు చెప్పింది ఆ మాటే. ఎవరు సర్దుకోవాలో, దేనికో, ఎన్నాళ్లో అందులో లేదు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసిన సంగతి కూడా ఆ మాట కిందే ఉండిపోయింది. మా ఇళ్లల్లో ఆ మెయిల్ ఎప్పట్నుంచో తిరుగుతోంది, తెలుగులో.

ఆర్నెల్లకు దానికి ఇంకో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు ఫోన్లో "పని ఎక్కువైంది, చేయలేనని చెప్పాను" అంటోంది. నేనూ సర్దుకో అనడం మానేశాను. అనాల్సి వస్తే, "నువ్వు ఈ పని వదులుకోవాలి, అందువల్ల ఫలానావాళ్లకి సుఖం" అని పూర్తిగా చెప్పాలని నియమం పెట్టుకున్నాను. అలా చెప్పబోతే సగం సార్లు నాకే సిగ్గేసి నోరు మూసుకుంటున్నాను.

మీ ఇంట్లో అలాంటి మాట ఏదో, ఈ పూట ఒకసారి విప్పి చూడండి.