తెర నల్లబడితే తప్పెవరిది?

మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో వెలిసింది. ఆ తర్వాత గచ్చిబౌలి దాకా అద్దాల మేడలు బారులు తీరాయి. గ్రాఫిక్స్ కార్డులకు పేరుపడ్డ ఎన్విడియా, ఏఎండీ రెండింటికీ మన వూళ్ళోనే ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. అయినా యిదే వూళ్ళో ఒక విద్యార్థి పాత కంప్యూటరులో లినక్స్ ఎక్కించగానే తెర నల్లబడితే, "లినక్స్ అంటే యింతేరా!" అని నిట్టూర్చి మళ్ళీ విండోస్ దారి పడతాడు. తప్పు లినక్స్‌దేనా? కాదంటాను.

కార్డుతో మాట్లాడే దుబాసీ పేరు డ్రైవరు. కార్డు భాషకు వ్యాకరణం కంపెనీ బీరువాలో వుంటే దుబాసీ ఎక్కణ్ణించి వస్తాడు? ఏఎండీ 2007 నుంచీ ఆ వ్యాకరణాన్ని బయటపెట్టడం మొదలెట్టింది. ఎన్విడియా కార్డులకు నూవో అనే డ్రైవరును ఔత్సాహికులు కార్డు ప్రవర్తన గమనిస్తూ, వూహిస్తూ రాసుకోవలసి వచ్చింది. 2022లో ఎన్విడియా తన కెర్నెల్ భాగాన్ని తెరిచింది గాని, అది 2018 నుంచీ వచ్చిన తరాల కార్డులకే. పాత కార్డుల గతి? 390 శ్రేణి డ్రైవరుకు 2022తో ఆసరా ఆగిపోయింది. కెర్నెల్ ముందుకు సాగిపోతుంది, డ్రైవరు వెనకే వుండిపోతుంది. కార్డు చెడలేదు, కంపెనీ చెయ్యి వదిలేసింది, అంతే!

యునిక్స్ వంశంలో అందరూ అన్నదమ్ములే గాని కాపురాలు వేరు. ఫ్రీబీఎస్‌డీ ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లను లినక్స్ నుంచే తెచ్చుకుంటుంది; ఎన్విడియా డ్రైవరును కంపెనీయే యిస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం మూలం చూపని డ్రైవరును గడప తొక్కనివ్వదు. కనక అక్కడ ఎన్విడియా కార్డు బొమ్మ చూపిస్తుందే గాని వేగం చూపించదు.

మరి మనం చేస్తున్నదేమిటి? ఎవరో చెప్పిన కమాండ్లు అర్థం తెలీకుండా వరసగా కొట్టడం! వైద్యుడు ముందు నాడి చూస్తాడు గదా. కార్డు ఏదో లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ చెబుతుంది, ఫ్రీబీఎస్‌డీలో పీసీఐకాన్ఫ్ చెబుతుంది. డ్రైవరు ఎక్కిందా, ఫర్మ్‌వేర్ ఫైలు దొరికిందా అన్నది డీమెసేజ్‌లో వుంటుంది. సెక్యూర్ బూట్ వల్ల సంతకం లేని డ్రైవరు ఆగిపోయిందేమో చూడాలి. తెర అసలే రాకపోతే నోమోడ్‌సెట్ అని చేర్చి బూట్ చేస్తే కనీసం లోపలికి వెళ్ళి చూడొచ్చు. ఇది మంత్రం కాదు, ఓపిక.

వ్యాపార రహస్యాలుండవా అని కొందరంటారు. ఉంటాయి. కాని పత్రాలు బయటపెట్టిన ఏఎండీ దివాలా తియ్యలేదే!

కనక అధికారులకు మా మనవి: ప్రయోగశాలకు కార్డులు కొనేటప్పుడు ధరతోబాటు డ్రైవరు మూలం తెరిచి వుందో లేదో కూడా చూడండి. మిత్రులారా, మనలో కొందరు రేపు ఆ అద్దాల మేడల్లో డ్రైవర్లు రాసే ఉద్యోగాలకే వెళతారు. తాళం వేసే చేతులు మనవే అయినప్పుడు, తాళంచెవి ఎవరి దగ్గర వుండాలో అడిగే నోరు కూడా మనకే వుండాలి.