మూడో కన్నం ఖరీదు ఎంత?

మా వీధిలో ఇప్పుడు ఏ ఇద్దరు కలిసినా ఎలక్ట్రిక్ బండ్ల కబుర్లే. రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫుల్ అంట, పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదంట. మా ఇంట్లో నాన్నకీ రెండు నెలలుగా ఇదే ధ్యాస. ఆయన పని కాకినాడలో. రోజూ సుమారు 30 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ 30 రావాలి. పెట్రోలు ఖర్చు రాసుకున్న చిన్న పుస్తకం నా ముందు పెట్టి, "ఎలక్ట్రిక్ కారైతే ఇందులో సగం పైనే మిగులుతుందమ్మా" అన్నారు. నేనూ సరే అన్నాను. కారంటే ఎవరికి చేదు?

గొడవ కారు దగ్గర రాలేదు, ప్లగ్గు దగ్గర వచ్చింది.

ఇంట్లో ఛార్జింగ్ పెట్టడానికి ఎంతవుతుందో చూడమని కరెంటు పనిచేసే ఆయన్ని పిలిచారు. మా మెయిన్ బోర్డు వీధి వైపు ఉంది, కారు పెట్టే రేకుల షెడ్డు పెరట్లో ఉంది. ఆయన అడుగులతో కొలిచి, కాగితం మీద రాసిచ్చారు: వైరు, పైపు 8,500. పవర్ ప్లగ్గు, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. పెట్టె 5,500. కొత్తగా ఎర్తింగ్ గొయ్యి 6,500. కూలి 3,500. మొత్తం 24,000 రూపాయలు. ఇవి కాక మా ఇంటికి రాయించుకున్న లోడు రెండు కిలోవాట్లే కాబట్టి దాన్ని పెంచమని దరఖాస్తు, దానికి డిపాజిట్.

నాన్న ఆ కాగితం చూసి, "ఒక ప్లగ్గుకి ఇరవై నాలుగు వేలా! పెరట్లో మోటారు బోర్డు ఉందిగా, దాన్నుంచి లాగేద్దాం" అన్నారు. అలాగైతే నాలుగు వేలల్లో అయిపోతుంది. పనాయన మాత్రం, "ఆయ్, అయిపోద్దండి. కానీ నేను మాత్రం చెయ్యనండి" అని లేచి వెళ్లిపోయారు.

ఆ మాట విన్నాక నాకు అనుమానం వచ్చి, దీని గురించి చదవడం మొదలుపెట్టాను. సైన్సు అమ్మాయిని కాదు, తప్పులుంటే ఫిజిక్స్ వాళ్లు దిద్దండి.

మొదట తెలిసింది సంతోషం కలిగించేదే. గోడకు బిగించే పెద్ద ఛార్జరు మా ఇంటికి అసలు అక్కర్లేదు. అది 7 కిలోవాట్ల పైన లాగుతుంది. మామూలు 15 ఆంప్స్ పవర్ ప్లగ్గు సుమారు 3 కిలోవాట్లు ఇస్తుంది. చిన్న కారు యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడిచినా, నాన్న రోజూ తిరిగే 60 కిలోమీటర్లకు 9 యూనిట్లు చాలు. అంటే రాత్రి మూడు గంటల పని. మన నిద్ర అంతకంటే ఎక్కువ కదా! వేగంగా ఎక్కే ఛార్జరు ఎవరో కొన్నారని మనమూ కొనడం దండగ. 2022 జనవరిలో వచ్చిన కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల ప్రకారం, ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చు కూడా.

రెండోది బిల్లు. మన పుదుచ్చేరి ప్రాంతంలో ఇళ్లకు నెల వాడకం 100, 200, 300 యూనిట్లు దాటేకొద్దీ రేటు మెట్టు మెట్టుగా పెరుగుతుంది. నెలకు 25 రోజులు తిరిగితే కారు ఒక్కటే 225 యూనిట్లు తాగుతుంది. అవి ఇంటి వాడకం మీద పడతాయి కాబట్టి పై మెట్టు రేటులోకి వెళ్తాయి. "యూనిట్ ఇంతే కదా" అని కింది మెట్టు రేటుతో లెక్క వేసేవాళ్లు ఇక్కడే మోసపోతారు. అయినా పెట్రోలు కంటే తక్కువే. ఆ విషయంలో నాన్న లెక్క కరెక్టే.

ఆయన లెక్క తప్పింది మూడో కన్నం దగ్గర.

గోడకున్న ప్లగ్గుకి పైన ఒక పెద్ద కన్నం ఉంటుంది చూడండి, అదే ఎర్త్. కింద ఉన్న రెండిటితోనే బల్బు వెలుగుతుంది, ఫ్రిజ్ తిరుగుతుంది, మోటారు నీళ్లు తోడుతుంది. పైదానితో ఏ పనీ జరిగినట్టు కనపడదు. అందుకే ఇల్లు కట్టేటప్పుడు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు మొదట మిగుల్చుకునేది దాని మీదే.

2022 జులైలో గోదావరి వరద మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు, యానాంలో పేటలకు పేటలు మునిగాయి. మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. నీళ్లు తీశాక ఇల్లు కడిగి, రెండు రోజులు ఆగి మెయిన్ వేశాం. నాన్నమ్మ ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసింది, అంతే, వెనక్కి విసిరేసినట్టు పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ మణికట్టు విరిగింది. ఆ చేత్తో ఇప్పటికీ ముద్ద కలపలేదు, చెంచాతో తింటుంది. తర్వాత బోర్డు విప్పి చూస్తే, ఎర్త్ వైరు ఉంది, కానీ దేనికీ కలపలేదు. చక్కగా మడిచి బోర్డు వెనక్కి తోసేశారు. కట్టించిన రోజు నుంచీ మా ఇంట్లో మూడో కన్నం ఉత్త కన్నమే.

లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే అది భూమిలోకి పోవడానికి దారి కావాలి. ఎర్త్ వైరు ఉంటే అందులోంచి పోతుంది. లేకపోతే ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. ఆర్.సి.సి.బి. అనేది ఆ లీకుని పసిగట్టి కరెంటు కట్ చేసే స్విచ్. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోవాలి. రాత్రంతా 15 ఆంప్స్ లాగే కారుని, వానలో తడిసి వచ్చిన కారుని, ఈ రెండూ లేని మోటారు బోర్డుకి తగిలించడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పైగా మనది సముద్రపు గాలి తగిలే ఊరు. ఉప్పునేలలో ఎర్తింగ్ బాగా పనిచేస్తుంది, నిజమే. కానీ అదే ఉప్పు ఇనప పైపుని తినేస్తుంది. కాబట్టి ఒకసారి వేసి మర్చిపోతే కుదరదు, అప్పుడప్పుడు చెక్ చేయించాలి. ప్లగ్గు కూడా ఇంట్లో వరద గుర్తు ఎంతవరకు ఉందో చూసుకుని దానికి పైనే పెట్టించాలి.

అమ్మ ఇదంతా విని తమిళంలోకి వెళ్లిపోయింది. అంటే కోపం వచ్చిందని అర్థం. "కారుకి లక్షలున్నాయి, అత్తయ్య చేతికి ఆరు వేలు లేవా?" అన్నది ఆ తమిళానికి నా తెలుగు. నాన్న ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు.

ప్రభుత్వానికీ ఒక మాట చెప్పాలి. 2019 ఆగస్టు నుంచి ఛార్జరు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. బాగుంది. కానీ దాని వెనక ఉండే వైరు మీద, ఎం.సి.బి. మీద 18 శాతమే. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఊళ్లలో పెట్టే ఛార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు కేటాయించారు. అదీ మంచిదే. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి, సందులో బండి పెట్టుకునేవాళ్లకి అవే దిక్కు. ఇంటివాళ్లు మేకు కొట్టనివ్వరు, ఇక గొయ్యి తవ్వనిస్తారా? మరి ఇళ్లలో ఎర్తింగ్ సంగతి? వరదకు మునిగే మనలాంటి ఊరిలోనైనా ఇంటింటికీ ఎర్తింగ్ పరీక్ష చేయించి, లేని పేదవాళ్లకు వేయించి ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం. కారు సబ్సిడీ కంటే అది ఎక్కువ మందికి ఉపయోగపడుతుంది.

"మా ఇంట్లో కారే లేదు, మాకెందుకీ గోల" అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. కారు లేకపోయినా వాషింగ్ మెషీన్, గ్రైండరు, నీళ్ల మోటారు ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు కిటికీలోంచి లాగి స్కూటరు ఛార్జ్ చేసేవాళ్లూ మన క్లాసులో ఉన్నారు. వీటన్నిటినీ తడి చేతులతో ఎక్కువగా ముట్టుకునేది ఎవరో నేను చెప్పాలా? మన అమ్మలే, మనమే.

పోయిన ఆదివారం మా పెరట్లో ఎర్తింగ్ గొయ్యి తవ్వారు. ఆర్.సి.సి.బి. కారు ప్లగ్గుకి మాత్రమే కాకుండా ఇల్లంతటికీ పెట్టించారు, అందుకని ఖర్చు ఇంకాస్త పెరిగింది. కారు మాత్రం సంక్రాంతి దాటాక చూద్దాం అన్నారు నాన్న. కొంటారో లేదో తెలియదు.

మీరు చేయాల్సింది ఒక్కటే. బోర్డులు మీరు విప్పకండి. ఈసారి కరెంటు పనాయన మీ ఇంటికి వచ్చినప్పుడు, "మా ఇంటికి ఎర్తింగ్ ఉందాండీ?" అని అడగండి. ఉంది అంటే, చూపించమనండి.