తేటనీరంతా మంచినీరు కాదు

ప్రవాసాంధ్రుల పిల్లలు ఏ దేశపు పాఠశాలలో చదివినా, ప్రయోగశాలలో చేసే తొలి ప్రయోగాలలో వడపోత ఒకటి. ఇసుక, ఉప్పు కలిపిన నీటిని గరాటులో అమర్చిన వడపోత కాగితం మీద, గాజు కడ్డీ వెంబడి మెల్లగా పోస్తారు. ఇసుక పైన నిలుస్తుంది. తేటనీరు క్రిందికి దిగుతుంది. కాని అసలు పాఠం ఆ తేటనీటిని మరిగించినప్పుడే బోధపడుతుంది. నీరంతా ఆవిరి కాగా అడుగున ఉప్పు మిగులుతుంది.

వడపోత రంధ్రానికీ రేణువుకూ మధ్య పరిమాణంలో పోటీ. ప్రయోగశాలలలో విరివిగా వాడే వాట్‌మన్ ఒకటవ నంబరు కాగితం సుమారు 11 మైక్రాన్లు మించిన రేణువులను ఆపుతుంది. ఒకటి రెండు మైక్రాన్ల బాక్టీరియా దానిని దాటిపోగలదు. కరిగిన లవణాలను ఆపడం దాని తరమే కాదు.

ఈ హద్దు గుర్తించక పెద్దలు రెండు విధాల పొరబడుతుంటారు. అమ్మమ్మ గుడ్డతో నీళ్ళు వడగట్టడం చాదస్తమని కొందరు, పూర్వాచారంలో సర్వవిజ్ఞానమూ ఇమిడి ఉందని మరికొందరు వాదిస్తారు. బంగ్లాదేశ్ గ్రామాలలో రీటా కోల్వెల్ బృందం జరిపి 2003లో ప్రకటించిన పరిశోధన ఇరువురికీ సమాధానమే. పాత నూలుచీరను కనీసం నాలుగు మడతలు వేస్తే రంధ్రాలు సుమారు 20 మైక్రాన్లకు తగ్గుతాయి. కలరా క్రిమి అంతకన్న ఎంతో చిన్నది. అయినా అది అంటిపెట్టుకొని ఉండే సూక్ష్మజలచరాలు చీరలో చిక్కుకుంటాయి. ఆ గ్రామాలలో కలరా దాదాపు 48 శాతం తగ్గింది. ఆచారం వ్యర్థం కాదు, సంపూర్ణమూ కాదు.

స్వగ్రామానికి మంచినీటి యంత్రం విరాళమివ్వదలచిన ప్రవాసులకు ఈ వివేచన మరీ అవసరం. నల్గొండ జిల్లాలో కంటికి స్ఫటికంలా కనిపించిన బావినీరే ఎందరి ఎముకలనో వంకర చేసింది. ఆ దోషం నీటిలో కరిగిన ఫ్లోరైడ్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్‌ను ఏ గుడ్డా, ఏ కాగితమూ ఆపలేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’లో ముందుగా నీటికి పటిక, సున్నం కలుపుతారు. ఏర్పడిన మెత్తని తెట్టెలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. ఆ తరువాతనే వడపోత.

కనుక దాత యంత్రం ధర అడిగే ముందు నీటి పరీక్షా ఫలితం అడగాలి. మట్టి అయితే ఇసుక వడపోత చాలవచ్చు. క్రిములైతే క్లోరిన్ కలపడమో, మరిగించడమో కావాలి. ఫ్లోరైడ్ అయితే మార్గమే వేరు. ఆ పరీక్షా పత్రాన్ని ఇంటిలో చదువుకుంటున్న పిల్లల ముందుంచి, బడిలో నేర్చిన వడపోత వీటిలో దేనిని తొలగిస్తుందో, దేనిని తొలగించలేదో చెప్పమనాలి. తాతల ఊరి నీటిని గురించి ఆలోచించిన పిల్లలకు ఆ పాఠం మార్కులతో ముగిసిపోదు.